మీ యాప్‌లో ఎవరి సరుకుంది?

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతా వార్తలకెక్కింది. గొప్ప కావ్యంలో చేరి కాదు, ఐఫోన్లను పడగొట్టి! ‘జ్ఞా’ అనే అక్షరం మధ్యలో కంటికి కనపడని ఒక విడదీత గుర్తు చేరిన రూపం అది. ఎవరైనా దాన్ని మెసేజ్‌లో పంపితే చాలు, అవతలి ఐఫోన్‌లో ఆ మెసేజ్ తెరిచిన యాప్ టక్కున మూసుకుపోయేది. వాట్సప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్, ఔట్‌లుక్... వేర్వేరు కంపెనీల యాప్‌లు ఒకే అక్షరం దగ్గర బోర్లాపడ్డాయి. ఆకతాయిలకు అదో ఆట. యాపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అనే కొత్త కూర్పు విడుదల చేశాక గానీ ఆ గొడవ సద్దుమణగలేదు.

ఇంతకీ వాట్సప్ వాళ్లు, గూగుల్ వాళ్లు, మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడబలుక్కున్నట్టు ఒకే తప్పు ఎలా చేశారు? చేయలేదండీ. అక్షరాన్ని తెర మీద గీసే పని వాళ్లెవరూ సొంతంగా చేసుకోరు. ఐఫోన్‌లో ఆ పని చేసిపెట్టే ఉమ్మడి సరంజామా ఒకటుంది. అందరూ దాని మీదే ఆధారపడతారు. తప్పు దొర్లింది అందులో. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ పేలితే పక్కింట్లో దీపం ఎందుకు ఆరిందని వాళ్లనడిగి ఏం లాభం?

ఒక సాఫ్ట్‌వేర్ పనిచేయాలంటే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉండి తీరాల్సిన ఈ బంధాన్ని మన సాఫ్ట్‌వేర్ పిల్లలు ‘డిపెండెన్సీ’ అంటారు. ఐఫోన్ తాళాలన్నీ యాపిల్ చేతిలో ఉంటాయి కాబట్టి అక్కడ బయటివాళ్లకు కనిపించేది తక్కువ. తలుపులు కాస్త తెరిచి ఉంచిన ఫోన్లున్నాయి. నోకియా వారి పాత మేమో, ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్, పట్టుదలగల కొందరు తయారు చేస్తున్న లినక్స్ ఫోన్లు. బయటివాళ్లు రాసిన సరుకుతో అవి ఎలా వేగాయో, ఎలా వేగుతున్నాయో ఈ వారం చూద్దాం. మీ బ్యాంకు యాప్, మీ పిల్లల ఆటల యాప్ కూడా ఈ కథలో పాత్రలే.

ముందు యాప్ అంటే ఏమిటో వంటింటి లెక్కలో చెప్పుకొందాం. ఆవకాయ పెట్టే ఇల్లాలు ఆవాలు పండించదు, నూనె గానుగ ఆడించదు, ఉప్పు తీయదు. అన్నీ తెచ్చుకుని తన చేతివాటంతో కలుపుతుంది. యాప్ రాసేవాడూ అంతే. ఆటో బుక్ చేసే యాప్ తీసుకోండి. వీధుల పటం ఒకరిది, డబ్బు కట్టించుకునే మీట ఇంకొకరిది, డ్రైవరు ఫొటోను చిన్నదిగా చేసి చూపించే పనిముట్టు మరొకరిది, యాప్ కూలిపోతే యజమానికి కబురు చేసేది వేరొకరిది. ఇలా సిద్ధంగా దొరికే ముక్కలే లైబ్రరీలు. వాటిని సంచిలో కట్టి, పైన పేరు, కూర్పు సంఖ్య రాసి పెడితే ప్యాకేజీ.

తెచ్చుకోవడం ఎంత తేలికంటే, ఆండ్రాయిడ్‌లో ‘గ్రేడిల్’ అనే పనిముట్టుకు ఒక్క వరుస రాసి ఇస్తే చాలు, ఆ ప్యాకేజీని ఇంటర్నెట్ గోదాము నుంచి లాక్కొస్తుంది. అయితే అదొక్కటే రాదు. పెళ్లికి ఒకాయన్ని పిలిస్తే ఆయన బావమరిదితో దిగుతాడు, బావమరిది వెంట ఇద్దరు స్నేహితులు, వాళ్ల వెంట ఇంకెవరో. శుభలేఖలు పదిచ్చి పంక్తిలో వందమందిని చూసి గుడ్లు తేలేసే పెళ్లిపెద్ద పరిస్థితే యాప్ రాసేవాడిది. ఆ వందలో చాలామందికి అతను ముఖం కూడా చూపించి ఉండడు. కానీ విస్తరి వేయక తప్పదు.

ఈ పెళ్లిపంక్తిని అందరి ముందూ లెక్కపెట్టి నడిపిన ఫోను ఒకటుండేది. నోకియా ఎన్900. 2009 చివర్లో వచ్చింది. అందులో ఉన్నది మేమో 5. (పేరు చూసి ‘మేమో, మీరో’ అనుకోకండి, అది వాళ్ల వ్యవస్థ పేరు.) డెబియన్ అనే లినక్స్ మీద కట్టిన ఇల్లది. 2005లో వచ్చిన నోకియా 770 అనే పలక లాంటి పరికరం దీనికి ముత్తాత. అందులో ఫోను లేదు, ఇంటర్నెట్ మాత్రమే.

డెబియన్ వారి పద్ధతి ఉమ్మడి కాపురం. ఒక లైబ్రరీ ఫోన్‌లో ఒక్క ప్రతే ఉంటుంది. పది యాప్‌లకు అది అవసరమైతే పదీ ఆ ఒక్కదాన్నే వాడుకోవాలి. యాప్ పెట్టమని అడిగితే ఫోన్‌లోని ప్యాకేజీల మేనేజరు ముందు పేర్ల చిట్టా చూస్తాడు. ‘దీనికి ఫలానా లైబ్రరీ, ఫలానా కూర్పు కావాలి, ఇంట్లో ఉందా? లేకపోతే గోదాములో ఉందా?’ ఉంటే తెస్తాడు. లేకపోతే యాప్ పెట్టనని నిక్కచ్చిగా చెప్పేస్తాడు. ఉమ్మడి వంటింటిలో లాభం తెలిసిందేగా. చోటు కలిసొస్తుంది. లైబ్రరీలో తప్పు దొరికితే ఒక్క చోట సరిచేస్తే ఇంటిల్లిపాదికీ సరవుతుంది. నష్టం కూడా తెలిసిందే. పెద్దకోడలు పులుసులో ఉప్పెక్కువ వేస్తే అందరి నోరూ చేదే. ఒక యాప్ కోసం లైబ్రరీని కొత్త కూర్పుకు మారిస్తే, పాతదానికి అలవాటు పడిన ఇంకో యాప్ మొరాయించేది.

ఎన్900లో దీనికి తోడు ఇంకో ఇరకాటం. ఫోన్‌లో 32 జీబీ నిల్వ ఉందని నోకియా గొప్పగా చెప్పింది, ఉంది కూడా. కానీ వ్యవస్థ కాపురముండేది 256 ఎంబీల వేరే చిప్పులో. డెబియన్ అలవాటు ప్రకారం కొత్త ప్యాకేజీ ఏది వచ్చినా ఆ చిన్న గదిలోకే వెళ్లి కూర్చునేది. ఇంటి వెనక ఎకరం ఖాళీ ఉన్నా చుట్టాలంతా వసారాలోనే పడుకున్నట్టు. నాలుగు యాప్‌లు పెట్టేసరికి గది నిండేది, ఫోను ఆపసోపాలు పడేది. దీనికో ఉపాయం కనిపెట్టారు. బరువైన ఫైళ్లను పెద్ద నిల్వలో ‘ఆప్ట్’ అనే చోట పెట్టి, చిన్న గదిలో వాటి చిరునామా మాత్రం ఉంచడం. ఆ పనికి ‘ఆప్టిఫై’ చేయడమని ముద్దుపేరు.

చిక్కు ఎక్కడొచ్చిందో గమనించండి. యాప్ రాసినతను బుద్ధిగా తన సరుకును ఆప్ట్‌లో పెట్టాడనుకోండి. అతను ఆధారపడిన లైబ్రరీ రాసింది వేరొకరు. ఆయన పెట్టలేదు. యాప్ చిన్నదే, దాని వెంట వచ్చిన చుట్టం మాత్రం గదంతా ఆక్రమించాడు. వాడేవాడికి కనిపించేది యాప్ పేరే కాబట్టి తిట్లు తినేది యాప్ రాసినతనే. బయటివాడి సరుకు తెచ్చుకోవడంలోని అసలు బాధ్యత ఇదే. తప్పు మనది కాకపోవచ్చు, తలుపు మనదే.

మేమో అభిమానులు దీనికి మూడు మెట్ల దారి వేశారు. కొత్త ప్యాకేజీ ముందు ‘ఎక్స్‌ట్రాస్ డెవెల్’ అనే గోదాములోకి వెళ్తుంది. అది పచ్చి సరుకు, ధైర్యవంతులకు మాత్రమే. అక్కడి నుంచి ‘ఎక్స్‌ట్రాస్ టెస్టింగ్’కి. అక్కడ కనీసం 10 రోజులు నిలబడాలి, వాడి చూసినవాళ్ల నుంచి 10 మంచి ఓట్లు రావాలి. అప్పుడే అందరికీ కనిపించే ‘ఎక్స్‌ట్రాస్’లోకి ప్రవేశం. ఓటేసేవాళ్లు జీతం తీసుకునే ఉద్యోగులు కారు, ఫోను మీద మోజున్న మామూలు జనం. బ్యాటరీ తాగేస్తోందా? లైసెన్సు సరిగా ఉందా? ఆప్టిఫై చేశారా? కావలసిన ఆధారాలన్నీ గోదాములో ఉన్నాయా? తప్పు చెప్పుకోవడానికి చిరునామా ఇచ్చారా? ఇవీ వాళ్లు చూసేవి. ఊరి రచ్చబండ మీద పంచాయితీ పెట్టి సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించినట్టన్నమాట. నెమ్మదిగానే నడిచేది. ఓటేసే తీరిక ఎవరికీ లేక మంచి యాప్‌లు కొన్ని టెస్టింగ్ గుమ్మంలోనే కూర్చుండిపోయేవి కూడా. అయినా ఆ ఆలస్యంలో ఒక మర్యాద ఉందనిపిస్తుంది నాకు.

ఇంకో సరదా సంగతి. మామూలుగా యాప్‌ల జాబితాలో లైబ్రరీల పేర్లు కనిపించేవి కావు. జనం కంగారుపడతారని దాచిపెట్టారు. అవీ చూడాలంటే, కొత్త గోదాము చిరునామా అడిగే గడిలో ‘మాట్రిక్స్’ అని టైపు చేసి, నమోదు చేయకుండా ఆ పెట్టె మూసేయాలి. వెంటనే ఫోను ‘ఎర్ర మాత్రా, నీలం మాత్రా?’ అని అడిగేది, ఆ పేరుగల హాలీవుడ్ సినిమాలోలాగే. ఎర్ర మాత్ర ఎంచుకుంటే తెర వెనక ఉన్న ప్యాకేజీలన్నీ బారులు తీరేవి. చూడటం వరకూ బాగానే ఉండేది. ఆ ఉత్సాహంలో డెవెల్ గోదాము కూడా తెరిచి, ‘అన్నీ అప్‌డేట్ చెయ్’ అని నొక్కితే ఫోను ఇటుకరాయిగా మారే ప్రమాదముందని అనుభవజ్ఞులు మొత్తుకునేవారు.

నోకియా 2010లో మేమోను ఇంటెల్ వారి వ్యవస్థతో కలిపి మీగో అంది, 2011లో మైక్రోసాఫ్ట్‌తో చేయి కలిపి ఈ దారినే వదిలేసింది. కంపెనీ పక్కకు తప్పుకున్నాక గోదాములు, సర్వర్లు నిలబెట్టే భారం అభిమానుల నెత్తిన పడింది. వాళ్లు మోశారు. ఆ వరుసలోనే ‘మేమో లెస్తె’ అనే కొత్త ప్రయత్నం నడుస్తోంది. ఇంకోవైపు 2017లో మొదలైన ‘పోస్ట్‌మార్కెట్ ఓఎస్’ ఉంది. ఫోను పదేళ్లు బతకాలన్నది వాళ్ల పట్టుదల. కంపెనీ వదిలేసినా ప్యాకేజీలు ఒక్కొక్కటిగా కొత్తవి వేసుకుంటూ పోవచ్చన్నది వాళ్ల వాదన. ఉమ్మడి కాపురం తాలూకు పాత సుగుణమే అది.

ఇక ఆండ్రాయిడ్. 2008లో మొదటి ఫోను వచ్చినప్పటి నుంచీ దాని పద్ధతి వేరు కాపురం. ప్రతి యాప్ తనకు కావలసిన బయటి సరుకంతా తన మూటలోనే కట్టుకుని వస్తుంది. మీ ఫోన్‌లో నలభై యాప్‌లుంటే, ఒకే లైబ్రరీ నలభై ప్రతులు, నలభై వేర్వేరు వయసులతో ఉండవచ్చు. ఒకరి పులుసుతో ఇంకొకరికి పని లేదు. ‘ఫలానా లైబ్రరీ లేదు, యాప్ పెట్టను’ అనే మాటే మీకు వినపడదు. కోట్లమంది ఏ గొడవా లేకుండా యాప్‌లు వాడుతున్నారంటే ఈ ఏర్పాటు చలవే. చోటు వృథా అవుతుంది, నిజమే. కానీ అది అసలు బెడద కాదు.

అసలు బెడద 2023 సెప్టెంబరులో తెలిసొచ్చింది. వెబ్‌పీ అనే రకం బొమ్మలను విప్పి చూపించే లైబ్రరీ ఒకటుంది. గూగుల్ వాళ్లదే. అందులో ఒక లోపం బయటపడింది. తయారుచేసిన బొమ్మ ఒకటి పంపి, దాన్ని చూసినవాడి పరికరంలోకి చొరబడే వీలున్న లోపం. పట్టిచ్చింది యాపిల్ భద్రతా విభాగం, కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్. గూగుల్ క్రోమ్‌ను వెంటనే బాగుచేసింది, ఫైర్‌ఫాక్స్ కూడా. అంతటితో అయిపోయిందా? ఆ లైబ్రరీని మూటలో కట్టుకున్న ప్రతి యాప్ వాళ్లూ ఎవరికి వాళ్లే కొత్తది కట్టుకోవాలి. ఆండ్రాయిడ్ వ్యవస్థలో ఉన్న ప్రతిని బాగుచేస్తే యాప్ మూటలో ఉన్న ప్రతి బాగుపడదు. యాప్ రాసినతను ఆ కంపెనీ మానేసి ఉంటే? ఆ యాప్ ముట్టుకుని మూడేళ్లయి ఉంటే? అసలు తన మూటలో వెబ్‌పీ ఉన్నట్టు, అది ఏ బావమరిది వెంట వచ్చిందో తెలియకపోతే? ఉమ్మడి వంటింట్లో ఒక్కసారి ఉప్పు సరిచేస్తే సరిపోయేది, వేరు కాపురాల్లో ప్రతి తలుపూ తట్టాలి. కొన్ని తలుపుల వెనక ఎవరూ ఉండరు.

ఇంకా చేదు నిజం ఒకటుంది. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ ఇంకో యాప్ గదిలోకి తొంగిచూడకుండా గట్టి గోడలున్నాయి. కానీ యాప్ లోపల ఉన్న లైబ్రరీకీ యాప్‌కీ మధ్య మామూలుగా గోడే లేదు. మీరు ‘ఈ యాప్‌ను నా చోటు తెలుసుకోనిస్తాను’ అని ఒప్పుకుంటే, ఆ యాప్ మూటలో ఉన్న ప్రతి బయటి సరుకుకూ ఒప్పుకున్నట్టే. ఇంటికొచ్చిన చుట్టానికి తాళం చెవి ఇస్తే, అతని వెంట వచ్చినవాళ్లు కూడా బీరువా తెరవగలరు.

ఇది ఊహ కాదు. అమెరికాలో ఎక్స్‌మోడ్ అనే కంపెనీ, యాప్‌లలో పెట్టుకోవడానికి ఒక చిన్న సరంజామా ఇచ్చేది. పెట్టుకున్నవాళ్లకు డబ్బులిచ్చేది. అది వాడేవాళ్లు ఎక్కడున్నారో ఎప్పటికప్పుడు సేకరించి అమ్ముకునేది. నమాజు వేళలు చెప్పే ఒక పేరున్న యాప్‌లో కూడా అది ఉందని, ఆ సమాచారం అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్ల దాకా వెళ్తోందని 2020 నవంబరులో పత్రికలో వచ్చింది. ప్రార్థన కోసం ఫోను తీసినవాళ్ల జాడ ఎవరి చేతుల్లో పడిందో చూడండి. ఆ డిసెంబరులోనే యాపిల్, గూగుల్ రెండూ ఆ సరంజామా తీసేయమని యాప్‌ల వాళ్లకు గడువు పెట్టాయి. 2024 జనవరిలో అమెరికా వాణిజ్య కమిషను, సున్నితమైన చోట్లకు సంబంధించిన సమాచారం అమ్మకూడదని ఆ కంపెనీ మీద ఆంక్ష విధించింది. యాప్ వాడినవాళ్లలో ఎంతమంది ఎక్స్‌మోడ్ పేరు విని ఉంటారు?

అక్కడ చొరబడింది కంపెనీ. దొంగే చొరబడితే? కోపే అనే బిట్‌కాయిన్ పర్సు కథ వినండి. ఫోన్‌లో నడిచే ఈ యాప్‌ను బిట్‌పే అనే సంస్థ తయారు చేసింది, మూలం అందరికీ తెరిచి పెట్టింది. దాని ఆధారాల పంక్తిలో ఎక్కడో చివర ‘ఈవెంట్ స్ట్రీమ్’ అనే చిన్న ప్యాకేజీ ఉండేది. దాన్ని రాసిన డొమినిక్ టార్ అప్పటికి చాలాకాలంగా దాన్ని వాడటం లేదు. జీతం లేదు, భత్యం లేదు. అయినా వారానికి సుమారు 20 లక్షలసార్లు ప్రపంచం దాన్ని దించుకుంటోంది. 2018లో ఎవరో మారుపేరుతో వచ్చి ‘మీకు తీరిక లేదుగా, నేను చూసుకుంటాను’ అన్నారు. ఆయన తాళాలిచ్చేశారు.

కొత్త కాపలాదారు తొందరపడలేదు. ముందు నాలుగు మంచి మార్పులు చేశాడు. సెప్టెంబరులో ‘ఫ్లాట్‌మ్యాప్ స్ట్రీమ్’ అనే ఇంకో ప్యాకేజీని ఆధారంగా చేర్చాడు. అందులో తప్పేమీ కనిపించదు. అక్టోబరులో ఆ రెండోదానిలోకి విషం ఎక్కించాడు. ఆ విషం కూడా ఎలాంటిది? తాళం వేసి ఉంది. కోపే యాప్‌ను తయారుచేసే చోట మాత్రమే ఆ తాళం తెరుచుకుంటుంది. మరెవరు వాడినా నిద్రపోతుంది. లోపలికి చేరాక, ఖాతాలో 100 బిట్‌కాయిన్లకు మించి ఉన్నవాళ్లను వెతికి, వాళ్ల రహస్య తాళాలను బయటికి పంపాలన్నది పథకం. కోపే 5.0.2 నుంచి 5.1.0 దాకా కూర్పుల్లో ఇది చేరింది.

ఎలా పట్టుబడిందో తెలుసా? పోలీసుల వల్ల కాదు, భద్రతా కంపెనీ వల్ల కాదు. ఆ దొంగ వాడిన ఒక పాత పద్ధతిని ‘ఇకపై వాడకండి’ అంటూ కంప్యూటర్ ఒక హెచ్చరిక చూపించేది. వేరే పని చేసుకుంటున్న ఒక కుర్రాడు, నేను రాయని ఈ హెచ్చరిక ఎక్కడి నుంచి వస్తోందని తీగ లాగాడు. నవంబరులో డొంక కదిలింది. బిట్‌పే వాళ్లు 5.2.0 విడుదల చేసి, పాత పర్సుల్లోని డబ్బు కొత్త పర్సులకు మార్చుకోమని చెప్పారు. టార్‌ను చాలామంది తిట్టారు. నాకు మాత్రం ఆయన మీద కోపం రాలేదు. కూలి ఇవ్వకుండా పాతికేళ్ల కుర్రాడిచేత ఊరి చెరువుకు కాపలా కాయించి, ఓ రోజు అతను ఇంటికి వెళ్లాడని తిట్టినట్టుంటుంది.

కాపలాదారు అలిగినా ఇబ్బందే. 2016 మార్చి 22న అజర్ కోచులు అనే ప్రోగ్రామరు, తన ప్యాకేజీ పేరు విషయంలో కిక్ అనే మెసేజింగ్ కంపెనీతో తగాదా వచ్చి, గోదాము వాళ్లు కంపెనీ వైపు మొగ్గారని, తన ప్యాకేజీలన్నీ వెనక్కి తీసేసుకున్నాడు. వాటిలో ‘లెఫ్ట్‌ప్యాడ్’ ఒకటి. మాటకు ఎడమవైపు ఖాళీలు చేర్చే 11 వరుసల ముక్క. అది లేక ప్రపంచమంతా వేల ప్రాజెక్టుల తయారీ ఆగింది, ఫోన్ యాప్‌లు రాసే రియాక్ట్ నేటివ్ కూడా ఇరుకున పడింది. గోదాము వాళ్లు కొన్ని గంటల్లోనే దాన్ని తిరిగి పెట్టేశారు. గోదామే మూతపడితే? అదీ జరిగింది. ఆండ్రాయిడ్ ప్రోగ్రామర్లు ఏళ్ల తరబడి నమ్ముకున్న జేసెంటర్‌ను ఆపేస్తున్నామని జేఫ్రాగ్ కంపెనీ 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. గగ్గోలు పుట్టాక, కొత్త సరుకు తీసుకోము, పాతది ఉంచుతాము అన్నారు. చురుగ్గా ఉన్న ప్యాకేజీలు మేవెన్ సెంట్రల్ అనే ఇంకో గోదాముకు మారాయి. యజమాని పట్టించుకోనివి అక్కడే దుమ్ముకొట్టుకుపోయాయి.

ఇప్పుడు మన ఇళ్లలో ఇద్దరికొకరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే కదా. వాళ్ల కోసం నాలుగు మాటలు. గ్రేడిల్‌లో కూర్పు సంఖ్య చోట కూడిక గుర్తు పెట్టి ‘కొత్తది ఏదుంటే అది తే’ అనకండి. ఈ రోజు కొత్తది ఎవరు రాశారో మీకు తెలియదు. ఫలానా కూర్పే కావాలని రాయండి. ప్యాకేజీ వేలిముద్ర సరిపోతేనే లోపలికి రానిచ్చే ఏర్పాటు గ్రేడిల్‌లో 2020 నుంచే ఉంది, వాడండి. ఆధారాల చెట్టు మొత్తం చూపించే ఆదేశం ఒకటుంది, నెలకోసారైనా నడిపి చూడండి. 11 వరుసల పనికి బయటివాడి సరుకు తేవాలా అని ఒక్క క్షణం ఆలోచించండి. అలాగని కూర్పు బిగించేసి నిద్రపోతే వెబ్‌పీ లాంటి రోజు పాతదే మీ మూటలో మిగిలిపోతుంది. బిగించాలి, మళ్లీ మీరే విప్పి మార్చాలి. ఇది సుఖమైన పని కాదు, తీరిక ఇవ్వమని మీ మేనేజరునడగండి.

సాఫ్ట్‌వేర్ తెలియని మనబోటివాళ్ల సంగతి? రెండు చోట్లున్నాయి. ఫ్రాన్స్‌లో ‘ఎక్సోడస్ ప్రైవసీ’ అనే లాభాపేక్ష లేని సంస్థ 2017 నుంచి ఆండ్రాయిడ్ యాప్‌ల మూటలు విప్పి, వాటిలో మన జాడ తీసే బయటి సరంజామా ఏమేముందో చెబుతోంది. యాప్ పేరు కొడితే జాబితా వస్తుంది. బ్యాటరీ లైటు వేసే యాప్‌లో ప్రకటనల కంపెనీల సరుకు కనిపిస్తే దాన్ని తీసేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. రెండోది ఎఫ్‌డ్రాయిడ్, 2010లో మొదలైంది. ఇక్కడి యాప్‌లు తక్కువ, హంగులూ తక్కువే. కానీ యాప్ రాసినవాడు కట్టి పంపిన మూటను గుడ్డిగా నమ్మరు. మూలం తీసుకుని వాళ్లే మళ్లీ తయారు చేస్తారు. మూలం చూపించని బయటి సరుకు కలిసి ఉంటే ఆ యాప్‌ను తమ జాబితాలోకి రానివ్వరు. జాడ తీసే అలవాటు లాంటివి ఉంటే పేరు పక్కనే ‘ఇదీ దీని అవలక్షణం’ అని రాసి పెడతారు. మేమో రచ్చబండ వాసన అక్కడ ఇంకా తగులుతుంది.

అన్నట్టు, మీ ఆండ్రాయిడ్ ఫోన్ తాలూకు శుభలేఖల చిట్టా మీ చేతిలోనే ఉంది. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’, అందులో ‘లీగల్ ఇన్ఫర్మేషన్’, అందులో ‘థర్డ్ పార్టీ లైసెన్సెస్’ నొక్కండి. కంపెనీని బట్టి పేర్లు కాస్త అటూఇటూ ఉంటాయి. పేజీ తెరుచుకోవడానికే టైం పడుతుంది, అంత పొడుగు. ఎవరెవరి సరుకు కలిస్తే మీ ఫోను అయిందో ఆ పేర్లన్నీ, వాళ్లు పెట్టిన షరతులతో సహా ఉంటాయి. చదవక్కర్లేదు, ‘హార్ఫ్‌బజ్’ అన్న పేరు వెతకండి చాలు. పారశీకంలో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. హైదరాబాదు వాళ్లకు మొదటి మాట ఉర్దూలో తెలిసే ఉంటుంది. ఇరాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన బెహ్‌దాద్ ఎస్ఫాబోద్ ముఖ్యంగా నడిపించిన లైబ్రరీ అది. క కింద ష వత్తు ఎక్కడ పడాలో, గుడి ఏ తలకట్టు మీద కూర్చోవాలో లెక్కగట్టేది అదే. ఆండ్రాయిడ్‌లో ‘జ్ఞా’ సరిగ్గా కనిపిస్తోందంటే ఆ లెక్క కుదిరినట్టే.